లోడైలో కాబర్నే మడి పీకి మళ్లీ నాటాలి: పెరుగుతున్న ఎండలకు రకం మార్చాలా, ఇంకేదైనా దారి ఉందా?

లోడై_మురళి
అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో లోడై దగ్గర మా బావగారూ నేనూ కలిసి వైన్ ద్రాక్ష తోట చూసుకుంటున్నాం. ఎక్కువగా కాబర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్ రకం, ఒక మూల పాత జిన్‌ఫాండెల్ రకం. కాబర్నేలో ఒక మడి ముసలిదైపోయింది, చాలా తీగలకు ఒక వైపు కొమ్మ ఎండిపోయింది. పీకేసి కొత్తది నాటాలి. ఒకసారి నాటితే పాతిక, ముప్పై ఏళ్లు దానితోనే కాపురం. అన్నేళ్లూ ఎండలు ఇప్పటిలాగే ఉంటాయన్న నమ్మకం లేదు, అదీ టెన్షన్.

2022 సెప్టెంబర్ మొదటి వారం ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాకు దగ్గర్లోని శాక్రమెంటోలో 46 డిగ్రీలు దాటింది, ఆ ఊళ్లో ఎప్పుడూ లేనంత. ఆ వారం తర్వాత పడమటి వైపు గుత్తి ఒకటి కోసి చూశాను. ఆకు చాటున ఉన్న పండ్లు నల్లగా, నిండుగా ఉన్నాయి. ఎండ తగిలిన వైపువి గోధుమరంగు మచ్చపడి తోలులా ముడుచుకుపోయాయి. నోట్లో వేసుకుంటే కిస్‌మిస్ ఉడకబెట్టిన రుచి. మీటర్ మాత్రం 27 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) చూపించింది. దాన్ని పులియబెడితే ఆల్కహాల్ 15 శాతం దాటుతుంది, పులుపేమో నాలిక్కి తగలదు.

కొత్తగా నాటేటప్పుడు రకమే మార్చాలా? కాబర్నేనే ఉంచి పందిరి, కత్తిరింపు, వేరు మొక్క (అంటు కట్టడానికి కింద వాడే మొక్క) మారిస్తే సరిపోతుందా? ఇప్పటి తోట ఫొటో కూడా పెట్టాను. వైన్ కంపెనీ మనిషిని అడిగితే "ఏ రకమైనా ఇప్పుడు గ్యారంటీ ఇవ్వలేం" అంటున్నాడు. ఇక్కడ సరుకు ఎక్కువై చాలామంది తోటలు పీకేస్తున్న సమయం, తెలిసిందే కదా.

చలపతి_కడప
మురళి గారూ, వైన్ సంగతి నాకు తెలియదు, మాది మామిడి. తెలియకే అడుగుతున్నా. ఎండ ఎక్కువైతే కాయ ముందే పండుతుంది. ముందే కోసేస్తే పోలేదా? ఇందులో అంత కష్టం ఏముంది?

నాసిక్_శ్రీకాంత్
చలపతి గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను నాసిక్‌లో ఒక వైనరీ ల్యాబ్‌లో పనిచేస్తాను, సీజన్‌లో రోజంతా ఇదే పని.

వైన్ ద్రాక్షలో తీపి, పులుపు, రంగు, తొక్కలోని వగరు, వాసన అన్నీ కలిసి ఒకేసారి పక్వానికి రావాలి. వేడి వీటన్నిటినీ ఒకే వేగంతో నడపదు. చక్కెర పరుగెడుతుంది. పులుపులో రెండు ముఖ్యమైన ఆమ్లాలు ఉంటాయి. టార్టారిక్ ఆమ్లం వేడికి పెద్దగా చెక్కుచెదరదు, మాలిక్ ఆమ్లాన్ని మాత్రం పండు తన శ్వాసలోనే కాల్చేసుకుంటుంది, రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే ఇంకా త్వరగా. తొక్కకు ఎరుపు, నలుపు ఇచ్చే ఆంథోసయనిన్లు పండు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే సరిగా తయారు కావు. పైగా ఎండలో ఉన్న పండు చుట్టూ ఉన్న గాలి కన్నా పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. గాలి 38 అంటే పండు 48 అనుకోండి.

ఇప్పుడు మీరన్నట్టు తీపి చూసి ముందే కోశామనుకోండి. రంగు రాదు, గింజ పచ్చిగానే ఉంటుంది, వైన్‌లో పచ్చి వగరు మిగులుతుంది. అవన్నీ వచ్చేదాకా ఆగితే తీపి ఎక్కువైపోతుంది, పులుపు పోతుంది. మామిడిలాగా కోసి గడ్డిలో మాగబెట్టే వీలు కూడా లేదు. ద్రాక్ష తీగ మీద ఎంత పండిందో అంతే.

లోడై_మురళి
శ్రీకాంత్ గారూ, మా కష్టం అచ్చంగా ఇదే. కొంతమంది ఇక్కడ తొట్టిలో నీళ్లు కలిపి, టార్టారిక్ పొడి వేసి సర్దేస్తారు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. కానీ ఎండిపోయిన పండుకు నీళ్లు కలిపితే వాసన తిరిగి వస్తుందా?

నాసిక్_శ్రీకాంత్
రాదు. అంకెలు సరిపోతాయి, గ్లాసులో తెలిసిపోతుంది.

బోర్డో_సౌజన్య
నమస్తే అండీ. నేను ఫ్రాన్స్‌లోని బోర్డోలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రకం మార్పు గురించి ఇక్కడ జరుగుతున్నది చెప్తాను, ఎందుకంటే ప్రపంచంలో ఈ విషయంలో బాగా మొండిపట్టున్న ఊరు ఇదే, అదే ఇప్పుడు కొంచెం వంగింది.

ఇక్కడి ఎర్ర ద్రాక్షలో ఎక్కువ వాటా మెర్లోది. అది త్వరగా పండే రకం. ఒకప్పుడు చల్లటి సెప్టెంబర్లలో అదే దాని బలం, ఇప్పుడదే బలహీనత అయింది. 2009లో ఇక్కడి పరిశోధన కేంద్రంలో విట్‌అడాప్ట్ అని ఒక తోట వేశారు. పోర్చుగల్, స్పెయిన్, గ్రీస్, ఇటలీ, ఇంకా ఎక్కడెక్కడివో మొత్తం 52 రకాలు పక్కపక్కనే. ఏది ఎప్పుడు చిగురిస్తుంది, ఎప్పుడు రంగు తిరుగుతుంది, చక్కెర, ఆమ్లం ఏ వారం ఎంత అని ఏటా రాస్తూ వచ్చారు. ఆ వరసల మధ్య నడుస్తుంటే ఒకే రోజున ఒక తీగకు పండు నల్లబడి ఉంటుంది, పక్కదానికి ఇంకా పచ్చి బఠానీలా ఉంటుంది. రకాల మధ్య ఎంత తేడా ఉందో చెప్పడానికి ఆ దృశ్యం చాలు.

2021లో ఆరు కొత్త రకాలకు అనుమతి వచ్చింది. ఎరుపులో అరినార్నోవా, కాస్టె, మార్సెలాన్, తూరిగా నాసియోనల్. తెలుపులో ఆల్వరీన్యో, లిలియోరిలా. మార్సెలాన్ అంటే కాబర్నే, గ్రెనాష్‌ల సంకరం, 1961లో ఫ్రాన్స్‌లోనే చేశారు. తూరిగా పోర్చుగల్ ఎండల్లో పుట్టి పెరిగింది. అయితే షరతులు చూడండి: తోటలో 5 శాతం మించకూడదు, వైన్‌లో 10 శాతం మించకూడదు, సీసా మీద పేరు వెయ్యకూడదు. ఇంట్లోకి రానిచ్చారు కానీ వీధి గదిలో కూర్చోనివ్వలేదు.

రాజేంద్రనగర్_రెడ్డిసార్
అమ్మా సౌజన్యా, నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. మాకు బోర్డో అంటే ఒక శాతం బోర్డో మిశ్రమమే, మైలుతుత్తం, సున్నం కలిపి బూజు తెగులుకు కొట్టేది. ఆ ఊరి నుంచి మన పిల్ల మాట్లాడుతుంటే సంతోషంగా ఉంది.

మురళీ, ఒక మాట అడుగుతా. మీ దగ్గర ఏడాదికి ఎన్ని కత్తిరింపులు?

లోడై_మురళి
ఒకటే సార్. చలికాలంలో, తీగ నిద్రలో ఉన్నప్పుడు.

రాజేంద్రనగర్_రెడ్డిసార్
అదీ సంగతి. రంగారెడ్డి జిల్లాలో మా రైతులందరూ రెండుసార్లు కత్తిరించేవాళ్లు. అనాబ్-ఎ-షాహీ అయినా, థాంప్సన్ సీడ్‌లెస్ అయినా అంతే. ఏప్రిల్‌లో ఒకటి, అది కొమ్మ కోసం. ఒకటి రెండు కణుపులు వదిలి మొత్తం నరికేస్తాం. వేసవిలో వచ్చిన కొత్త కొమ్మలో పూమొగ్గ తయారవుతుంది. మళ్లీ అక్టోబర్‌లో ఇంకోటి, ఇది కాయ కోసం. పండు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. మన దగ్గర తీగకు చలి నిద్ర లేదు కాబట్టి ఎప్పుడు కత్తెర పెడితే అప్పటి నుంచి దాని లెక్క మొదలు. అంటే పండు ఏ నెలలో పక్వానికి రావాలో రైతే నిర్ణయిస్తాడు. మే నెల ఎండలో మన దగ్గర ద్రాక్ష పండదు, పండనివ్వం.

మీ సమస్య ఎండ ఒక్కటే కాదు. పండు సరిగ్గా ఆ ఎండలోనే పక్వానికి రావడం. దాన్ని ఒక నెలన్నర జరపగలిగితే రకం మార్చే అవసరం రాకపోవచ్చు.

అడిలైడ్_కిరణ్
సార్ చెప్పింది వింటే ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఇదే పనిని ఇప్పుడు వేరే దేశాలవాళ్లు కొత్త టెక్నిక్ అని పేపర్లు రాస్తున్నారు. బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో పాత కాఫీ నేలల్లో షిరాజ్ అనే ఎర్ర వైన్ రకానికి రెండు కత్తిరింపులు చేసి, వర్షాలున్న వేసవిలో వచ్చే కాయను వదిలేసి, పొడిగా చల్లగా ఉండే జూన్, జూలై, ఆగస్టుల్లో కోస్తున్నారు. వాళ్లకది చలికాలం. అక్కడ మంచి వైన్ రావడమే ఈ పద్ధతి వల్ల.

కాలిఫోర్నియాలోనే ఫ్రెస్నోలో కాబర్నే మీద చేశారు, ఫలితాలు 2012లో వచ్చాయి. కాయ పడ్డాక జూన్‌లో పచ్చి కొమ్మను ఆరు కణుపులకు కత్తిరించి, ఉన్న గుత్తులు, ఆకులు, పక్క కొమ్మలు అన్నీ తీసేశారు. వచ్చే ఏడాది పగలాల్సిన మొగ్గ ఈ ఏడాదే పగిలి రెండో కాపు ఇచ్చింది. పండడం ఆగస్టు నుంచి అక్టోబర్ వైపు జరిగింది. పండు చిన్నది, పులుపు ఎక్కువ, రంగు ఎక్కువ. బరువు మాత్రం బాగా తగ్గింది.

లోడై_మురళి
బరువు తగ్గితే మా కథ కంచికే. పేరున్న నాపా లోయలో అయితే టన్నుకు వచ్చే ధరతో సర్దుకుంటారు. లోడైలో మేం టన్నులు అమ్ముకుని బతికేవాళ్లం.

బోర్డో_సౌజన్య
ఇక్కడ తక్కువ నష్టంతో చేసేది ఇంకొకటి ఉంది: చలికాలపు కత్తిరింపునే ఆలస్యం చెయ్యడం. జనవరిలో కాకుండా చిగురు రెండు మూడు ఆకులు వేసేదాకా ఆగి కత్తిరిస్తారు. కొమ్మ చివరి మొగ్గలు ముందు పగులుతాయి, అడుగు మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. చివర్లు తీసేశాక అవి లేస్తాయి. వారం నుంచి రెండు వారాల వరకు వెనక్కి జరుగుతుంది. పక్వానికి వచ్చేసరికి ఆ తేడా కొంత కరిగిపోతుంది, అది నిజమే. కానీ దీనితో ఇంకో లాభం ఉంది, మంచు దెబ్బ తప్పుతుంది.

చలపతి_కడప
ఆగండాగండి. ఎండలు ముదురుతున్నాయని మొదలుపెట్టి మంచు దెబ్బ అంటారేంటి?

బోర్డో_సౌజన్య
అదే ఇందులో దరిద్రం, చలపతి గారూ. మార్చి వేడెక్కితే తీగ ముందే చిగురిస్తుంది. ఏప్రిల్‌లో వచ్చే మంచు మాత్రం మానదు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అంతటా అదే జరిగింది. బర్గండీ, బోర్డో, లాంగ్‌దోక్ తోటల్లో రాత్రంతా మైనపు కుండీలు వెలిగించి కూర్చున్నారు, అయినా లేత చిగుళ్లు నల్లబడి రాలిపోయాయి. వాతావరణ శాస్త్రవేత్తలు లెక్కవేసి, వేడెక్కిన భూమి వల్ల ఇలాంటి నష్టం జరిగే అవకాశం సుమారు 60 శాతం పెరిగిందని చెప్పారు. చిగురు ముందే రావడం వల్ల.

బర్గండీలోని బోన్ ఊళ్లో ద్రాక్ష కోత మొదలైన తేదీలు 1354 నుంచి రాసి ఉన్నాయి. 1988 తర్వాత సగటు కోత అంతకుముందుకన్నా 13 రోజులు ముందుకొచ్చింది. ఎవరైనా "ఎప్పుడూ ఉన్నదే కదా ఎండ" అంటే నేను ఆ పట్టిక చూపిస్తాను.

అడిలైడ్_కిరణ్
మురళి అన్నా, రకం మార్పును అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ఇది: భూమి 2 డిగ్రీలు వేడెక్కితే ఇప్పుడు వైన్ ద్రాక్షకు పనికొస్తున్న ప్రాంతాల్లో 56 శాతం పనికిరాకుండా పోవచ్చు. అదే ఉన్నచోటే రకాలు మార్చుకుంటే నష్టం 24 శాతానికి దిగుతుంది. 4 డిగ్రీలైతే 85 శాతం, రకాలు మార్చినా 58. అంటే రకం మార్పు పనిచేస్తుంది, కానీ దానికీ హద్దుంది.

మా దక్షిణ ఆస్ట్రేలియాలో రివర్‌లాండ్ అని ముర్రే నది ఒడ్డున పెద్ద ప్రాంతం ఉంది, జనవరిలో 45 దాటడం వింత కాదు. అక్కడ ఫియానో, వెర్మెంటీనో, నీరో దావోలా లాంటి ఇటలీ దక్షిణపు రకాలు వేస్తున్నారు. ఫియానో అంత ఎండలోనూ పులుపు పట్టుకుని ఉంటుంది. షార్డొనే పక్క వరసలో చప్పబడిపోయే రోజున అది ఇంకా నాలుక జివ్వుమనిపిస్తుంది. కష్టమల్లా అమ్మడంలోనే. షెల్ఫ్ ముందు నిలబడ్డ మనిషి షిరాజ్ తీసుకుంటాడు, నీరో దావోలా అంటే వెనక్కి పెట్టేస్తాడు.

చలపతి_కడప
ఉత్తరానికి పోతే సరి కదా మరి. ఇంగ్లండ్‌లో కూడా వైన్ చేస్తున్నారని ఎక్కడో చదివాను.

అడిలైడ్_కిరణ్
చేస్తున్నారు. షాంపేన్ కంపెనీలే వెళ్లి ఇంగ్లండ్ దక్షిణాన భూములు కొన్నాయి. కొందరు కొండెక్కుతున్నారు. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీ తగ్గుతుంది, స్పెయిన్‌లో కాటలోనియావాళ్లు పిరనీస్ కొండల అంచున 900 మీటర్ల పైన నాటారు. డబ్బున్న కంపెనీ కొండెక్కుతుంది. మురళి అన్న ఇరవై ఎకరాలు భుజాన వేసుకుని ఎక్కడికి పోతాడు?

నాసిక్_శ్రీకాంత్
వేరు మొక్క గురించి ఎవరూ ఎత్తలేదు. ఇది ముఖ్యం మురళి గారూ, ఎందుకంటే తర్వాత మార్చలేరు. నీటి ఎద్దడికి తట్టుకునేవి 110ఆర్, 140 రగ్గేరి, 1103 పాల్సన్. మహారాష్ట్రలో తినే ద్రాక్షకు చాలామంది డాగ్‌రిడ్జ్ వాడతారు. ఉప్పు నేలకూ నీటి కరువుకూ మొండిది, బలంగా పెరుగుతుంది. కానీ వైన్‌కు దాంతో చిక్కు. అది నేలలోంచి పొటాషియం ఎక్కువ లాగుతుంది. పొటాషియం రసంలోని టార్టారిక్ ఆమ్లంతో కలిసి ఉప్పుగా దిగిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అంటే పులుపు తగ్గుతుంది. అసలే ఎండకు పులుపు పోతుంటే అది గోరుచుట్టు మీద రోకటి పోటు. మా దగ్గర వైన్ రకాలకు 110ఆర్ మీదికి రావడానికి కారణం ఇదే.

నేల పరీక్ష, నులిపురుగుల పరీక్ష చేయించకుండా ఏదీ ఆర్డర్ పెట్టకండి. 1980లలో మీ కాలిఫోర్నియావాళ్లే ఏఎక్స్ఆర్1 అనే వేరు మొక్కను నమ్మి, వేరు పేను వచ్చాక నాపా, సొనోమా తోటలు వేల ఎకరాల్లో పీకి మళ్లీ నాటుకున్నారు.

రాజేంద్రనగర్_రెడ్డిసార్
పందిరి సంగతి కూడా చూడు మురళీ. మా అనాబ్ తోటల్లో మనిషి ఎత్తు పందిరి. ఆకు పైన, గుత్తి కింద వేలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి లోపల దూరితే చెట్టు కింద నిలబడ్డట్టే. నువ్వు పంపిన ఫొటోలో కొమ్మలన్నీ నిట్టనిలువుగా తీగలకు కట్టి, గుత్తుల దగ్గర ఆకు గీకేసి ఉంది. ఎండ చాలని ఊళ్లవాళ్లు ఎండ కోసం కనిపెట్టిన పద్ధతి అది. మీకు కావలసింది దానికి వ్యతిరేకం.

లోడై_మురళి
సార్, అది బావగారి సరదా. నాపా తోటల్లా అందంగా కనిపించాలని అలా కట్టించారు.

ఇక్కడ యూసీ డేవిస్ యూనివర్సిటీవాళ్లు నాపాలోని ఓక్‌విల్‌లో కాబర్నే మీద రకరకాల పందిళ్లు పోల్చి చూశారు. ఒకే తీగను ఎత్తులో లాగి కొమ్మల్ని రెండు వైపులా వాలనిచ్చే పద్ధతి నిలువు పద్ధతి కన్నా మెరుగ్గా వచ్చింది. వాళ్లే వరసల మీద షేడ్ ఫిల్ములు వేసి కూడా చూశారు, రంగు నిలిచింది. షేడ్‌నెట్ ధర మాత్రం మా టన్ను ధరకు అందదు.

అడిలైడ్_కిరణ్
నెట్ కుదరకపోతే కెయోలిన్. తెల్ల బంకమట్టి పొడి, నీళ్లలో కలిపి ఎండలు ముదరకముందే గుత్తుల మీద, ఆకు మీద కొడతారు. పండు చల్లగా ఉంటుంది, మచ్చ తగ్గుతుంది. అమృతం కాదు, కానీ చవక. కోతకు మరీ దగ్గరగా కొట్టకండి, గుత్తి మధ్యలో తెల్లగా చిక్కుకుపోయి రసంలోకి వస్తుంది, తొట్టి అడుగున పేరుకుంటుంది. వైనరీవాళ్లు మొహం చిట్లిస్తారు.

వరసల దిక్కు కూడా చూసుకోండి. కొత్తగా నాటుతున్నారు కాబట్టి అది ఉచితంగా వచ్చే లాభం. ఉత్తరం-దక్షిణం వరసలైతే మధ్యాహ్నం నాలుగింటి ఎండ పడమటి గుత్తుల్ని నేరుగా కొడుతుంది. ఈశాన్యం నుంచి నైరుతికి తిప్పితే ఆ దెబ్బ చాలా తగ్గుతుంది. ఆకు తీయాల్సి వస్తే పొద్దుటి ఎండ వైపే తీయండి.

బోర్డో_సౌజన్య
నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పేస్తాను. కెయోలిన్, నెట్, ఆలస్యపు కత్తిరింపు, ఇవన్నీ పదిహేనేళ్లు లాగడానికి పనికొస్తాయి. ముప్పై ఏళ్లకు నాటుతున్నప్పుడు ఆలస్యంగా పండే రకం లేకుండా నాటడం జూదం. 2019 జూన్ 28న దక్షిణ ఫ్రాన్స్‌లో 46 డిగ్రీలు వచ్చింది. ఎర్రో, గార్ జిల్లాల్లో ద్రాక్ష ఆకులు మంటతో కాల్చినట్టు ఒక్క మధ్యాహ్నంలో మాడిపోయాయి. అంత ఎండను ఏ కత్తిరింపూ ఆపదు.

రాజేంద్రనగర్_రెడ్డిసార్
అంత ఎండకు నీ తూరిగా మాత్రం ఆగుతుందా తల్లీ? ఆలస్యంగా పండే రకమైతే జూన్‌లో ఆకు ఉండదా? ఆకు మాడితే రకం ఏదైనా ఒకటే. నేను చెప్పేది పండు సమయం గురించి. రైతు చేతిలో ఉన్నది అది. అమ్ముడుపోని రకం నాటి, తోట బాగుంది కానీ కొనేవాడు లేడంటే ఏం లాభం? మన హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష తోటలు పోయింది ఎండకు కాదు, ప్లాట్ల ధరకు. రైతు లెక్క మారిందంటే తోట ఉండదు.

బోర్డో_సౌజన్య
అది ఒప్పుకుంటాను సార్. కానీ అమ్ముడుపోయే రకం పండకపోతే అదీ లెక్కే కదా. మా గైడ్ తరచుగా అనేది, రకాల వైవిధ్యం ఉన్న తోటను ఒక్క చెడ్డ వారం మొత్తంగా పట్టుకుపోదని.

లోడై_మురళి
మీరిద్దరూ చెప్పింది బావగారికి చదివి వినిపించాను. తెగ వాదించుకున్నాం. చివరికి ఒక దారికి వచ్చాం. మడిలో మూడొంతులు మళ్లీ కాబర్నేనే, కానీ ఎత్తు పందిరి మీద, వరసలు ఈశాన్యం-నైరుతి. మిగిలిన వంతు తూరిగా నాసియోనల్. లోడైలో పోర్చుగీసు రకాలు వేసినవాళ్లు ఇప్పటికే ఉన్నారు, కలుపుడు వైన్లకు కొనేవాళ్లు దొరుకుతారు. వేరు మొక్క నేల పరీక్ష వచ్చాక తేలుస్తాం, 110ఆర్, 1103 రెండూ చూస్తున్నాం.

పక్క మడిలో ఉన్న బతికిన కాబర్నేలో కొన్ని వరసలకు ఆలస్యపు కత్తిరింపు, రెండు వరసలకు కిరణ్ చెప్పిన జూన్ కత్తెర. సార్, ఆ జూన్ కత్తెరకు ఒక సందేహం. కణుపులు ఆరు వదిలితే మొగ్గ పగలకపోతే? మొగ్గ పగిలేలా చేసే మందు డార్మెక్స్ కొట్టాలా?

రాజేంద్రనగర్_రెడ్డిసార్
డార్మెక్స్ వద్దు. మేం వాడింది అక్టోబర్‌లో, కొమ్మ ముదిరి గోధుమరంగు తిరిగాక, అదీ చేతి గ్లవుజు వేసుకుని మొగ్గలకు పూసేవాళ్లం. జూన్‌లో నీ కొమ్మ ఇంకా పచ్చిది, మాడిపోతుంది. పచ్చి కొమ్మకు మందు అవసరం లేదు, చివర, ఆకు, పక్క కొమ్మ ఏదీ మిగలకుండా తీసేస్తే మొగ్గ దానంతటదే లేస్తుంది. కొమ్మ అడుగు భాగం గోధుమరంగు తిరగడం మొదలైతే ఆలస్యమైనట్టు, ఆ ఏడాదికి వదిలెయ్యి. కత్తెర పెట్టే ముందు రోజు నీళ్లు బాగా పెట్టు, పెట్టాక ఎరువు కొంచెం పెంచు. ఒకే ఏడాదిలో తీగ రెండుసార్లు ఆకు వేస్తోంది, ఆకలి ఎక్కువ.

నాసిక్_శ్రీకాంత్
ఆ వరసల పండు విడిగా కోసి, బ్రిక్స్‌తో పాటు పీహెచ్, మాలిక్ కూడా కొలిపించండి మురళి గారూ. వారానికొకసారి, రంగు తిరిగిన దగ్గర్నుంచి. గుత్తులు పడమటి వైపు నుంచి సగం, తూర్పు నుంచి సగం తీసుకోండి, లేకపోతే లెక్క తప్పుదారి పడుతుంది. అంకెలు ఇక్కడ పెడితే నేను మా షిరాజ్‌తో పోల్చి చెప్తాను.

చలపతి_కడప
కోత అయ్యాక ఒక సీసా కడపకు పంపండి. మా ఇంట్లో ఎవరూ తాగరు, అయినా అల్మారాలో పెట్టుకుంటాం.